నిద్రలో వచ్చిన పక్షవాతం: సీటీ చూసి వేళ లెక్కగట్టే మోడల్ మా గుంటూరు కేసులో ఏం చెప్పింది

రోగి, ఆయన ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాక రాస్తున్న కేసు ఇది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. స్కాన్లలో కనబడినవి, వేళలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

కేసు

61 ఏళ్ళ మగమనిషి. ఊరు ప్రత్తిపాడు వైపు పల్లె. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పని, సీజన్లో రోజంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్యే. బీపీ ఉందని కొన్నేళ్ళ కిందటే చెప్పారు. మాత్రలు వేసుకుంటే తగ్గింది, తగ్గింది కదా అని మానేశాడు. మా ఓపీలో వారానికి ఎంతమంది చెబుతారో ఈ మాట. షుగర్ లేదు. ఇంతకుముందు పక్షవాతం వచ్చిన దాఖలా లేదు.

రాత్రి 10 గంటలకు అన్నం తిని పడుకున్నాడు. తెల్లవారుజామున 5 గంటలకు మంచం దిగబోయి పడిపోతే ఆ చప్పుడుకు భార్య లేచింది. చూస్తే కుడి చెయ్యి పడిపోయి ఉంది, మూతి ఎడమ పక్కకు లాగేసింది. అడిగింది కాస్త అర్థమవుతున్నట్టే ఉంది గానీ నోటి నుంచి మాట లేదు. పక్కింటి పెద్దాయన పావురం రక్తం రాద్దామన్నాడట. కొడుకు వినలేదు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఎదురింటివాళ్ళ కారు దొరికితే అందులో పడుకోబెట్టుకుని 6:20కి మా క్యాజువాలిటీకి తెచ్చేశాడు. ఈ కేసులో మంచి జరిగిందంటే మొదటి లెక్క ఆ అబ్బాయిదే, యంత్రాల సంగతి తర్వాత.

మేం చూసేసరికి బీపీ 178/96, షుగర్ 142. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు. రక్తం పలచబరిచే మందులేవీ వాడటం లేదు. పక్షవాతం తీవ్రత కొలిచే ఎన్ఐహెచ్ఎస్ఎస్ స్కోరు 11.

6:35కి సీటీ. రక్తస్రావం లేదు. మెదడు పక్క మడతలో లోపలగా ఉండే ఇన్సులా ఎడమ వైపు అంచు మసకబారింది, దాని ముందు భాగంలో కార్టెక్స్ (మెదడు పై పొర) కాస్త నల్లబడ్డట్టుంది. సీటీలో మెదడు ఎంత దెబ్బతిందో చెప్పే ఆస్పెక్ట్స్ స్కోరు 10కి 8 వేశాం, 10 అంటే దెబ్బ కనబడనట్టు. రక్తనాళాలు చూపే యాంజియోలో ఎడమ మధ్య మస్తిష్క ధమని పై కొమ్మ బాగా దూరంగా, ఎం3 అనే మూడో భాగం మొదట్లో మూసుకుపోయి ఉంది.

పెద్ద నాళం మూసుకుపోయి ఉంటే నా పని ఒకరకంగా సులువయ్యేది. 2018లో వచ్చిన డాన్, డిఫ్యూజ్-3 ట్రయల్స్ తర్వాత, మెదడులో ఇంకా బతికున్న భాగం ఉందని తేలితే 16 గంటలు, కొందరిలో 24 గంటల దాకా వైరు పంపి గడ్డను బయటికి లాగుతున్నాం. ఇంత దూరపు సన్న కొమ్మకు అది పనికిరాదు. 2025లో వచ్చిన ఎస్కేప్-మీవో, డిస్టల్ ట్రయల్స్ రెండింటిలోనూ చిన్న, మధ్యరకం నాళాల్లో గడ్డ లాగడం వల్ల అదనపు మేలు కనబడలేదు. ఇక మిగిలింది గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఒక్కటే. దానికి మాత్రం గడియారం కావాలి. 1995 నాటి ఎన్ఐఎన్డీఎస్ ట్రయల్ 3 గంటలు ఇచ్చింది, 2008లో ఎకాస్-3 దాన్ని నాలుగున్నరకు పెంచింది. లెక్క మొదలయ్యేది పక్షవాతం బయటపడిన వేళ నుంచి కాదు, మనిషి బాగానే ఉన్నట్టు చివరిసారి ఎవరైనా చూసిన వేళ నుంచి. రాత్రి 10 నుంచి లెక్కేస్తే సీటీ బల్ల మీదికి వచ్చేసరికే 8 గంటల 35 నిమిషాలు. కాగితం ప్రకారం ఆస్ప్రిన్ ఇచ్చి వార్డుకు పంపాల్సిన కేసు.

పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు ఐదో వంతు ఇలా నిద్ర లేస్తూనే కనబడేవాళ్ళు. వాళ్ళందరికీ పడుకున్న క్షణంలోనే పక్షవాతం వచ్చిందని లెక్కగట్టడం జాగ్రత్త కోసమే గానీ నిజం అదని కాదు. చాలామందిలో అది లేవడానికి కాస్త ముందే మొదలవుతుందని స్కాన్లు చూస్తే అనిపిస్తుంది.

వేళ వెతకడం

ఇంట్లోవాళ్ళను "ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే తాము చూసిన వేళే చెబుతారు. అందులో అబద్ధం లేదు, ఉపయోగమూ లేదు. ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టర్ వేరేగా అడిగింది.

"అమ్మా, రాత్రి ఒంటికేమైనా లేచారా ఆయన?"

"లేచాడు గానీ ఎన్నింటికో తెలీదమ్మా. కరెంటు పోయింది గదా, ఉక్కకి ఉండలేక మంచం వరండాలోకి లాక్కున్నాడు."

"మీరో చెయ్యి వేశారా మంచానికి?"

"లేదు, ఒక్కడే లాక్కున్నాడు. నన్ను లేపి దోమల బత్తీ ఎక్కడ పెట్టావని కసిరాడు కూడా."

మంచం ఒక్కడే ఎత్తి గుమ్మం దాటించాడంటే రెండు చేతులూ పనిచేస్తున్నాయి. దోమల బత్తీ కోసం కసిరాడంటే మాట నిక్షేపంగా ఉంది. న్యూరాలజీ పరీక్షలో సగం ఆవిడే చేసిపెట్టింది, వేళ ఒక్కటే చెప్పలేకపోయింది. ఆ వేళ కొడుకు పట్టుకొచ్చాడు. ఊళ్ళో లైన్‌మన్ నంబరు ఉంటే ఫోన్ చేశాడు. ఫీడర్ ట్రిప్పయింది 1:40కి అని అవతలి మనిషి రిజిస్టర్ చూసి చెప్పాడు.

అంటే 1:40 దాటాక కూడా బాగానే ఉన్నాడు. 10 గంటల లెక్క ఒక్క ఫోన్‌తో దాదాపు నాలుగు గంటలు ముందుకు జరిగింది. అయినా చాల్లేదు. 1:40 నుంచి సీటీ వేళకు 4 గంటల 55 నిమిషాలు, మందు కలిపి ఎక్కించేసరికి ఐదున్నర దాటుతుంది. ఇంకో గంట తర్వాత కరెంటు పోయి ఉంటే ఎంత బావుండేది అని ఆ క్షణంలో అనుకున్నానంటే టెన్షన్ ఏ స్థాయిలో ఉందో చూడండి.

గడియారం తేల్చనప్పుడు ఎంఆర్ఐని అడగడం ఇప్పుడు ఒప్పుకున్న పద్ధతి. రక్తం అందని కణాలు నిమిషాల్లోనే నీటిని లోపలికి లాక్కుని ఉబ్బుతాయి. అప్పటికే ఉన్న నీరు బయటి నుంచి లోపలికి మారిందంతే, కొత్త నీరు రాలేదు. డీడబ్ల్యూఐ అనే సీక్వెన్స్ దీన్ని వెంటనే పట్టుకుంటుంది. తర్వాతి గంటల్లో రక్తనాళాల నుంచి అయాన్లు, వాటి వెంట నీరు ఆ కణజాలంలోకి చేరుతుంటాయి. ఈ కొత్త నీరు పెరిగితేనే ఫ్లెయిర్ సీక్వెన్స్‌లో తెల్లబడుతుంది. డీడబ్ల్యూఐలో మచ్చ ఉండి ఫ్లెయిర్‌లో లేకపోతే నాలుగున్నర గంటల లోపు అని ఊహిస్తాం.

మా ఆసుపత్రిలో రాత్రి ఎంఆర్ఐ టెక్నీషియన్ ఆన్-కాల్. ఆ రోజు అదృష్టం, క్వార్టర్స్‌లోనే ఉన్నాడు. 7:10కి ఆ రెండు సీక్వెన్సులు మాత్రమే మొదలుపెట్టాం. డీడబ్ల్యూఐలో ఎడమ ఇన్సులా, దాన్ని కప్పే మడత (ఒపర్కులం) ముందు భాగం తెల్లగా వెలిగాయి. ఫ్లెయిర్‌లో అక్కడ మా కంటికి ఏమీ ఆనలేదు. నేనూ, ఫోన్‌లో రేడియాలజిస్టూ విడివిడిగా చూసి ఒకే మాట అన్నాం. ఒకరి మాట ఇంకొకరికి ముందే చెప్పకూడదన్నది మా దగ్గర నియమం. "ఏదో లీలగా ఉన్నట్టుందే" అని ఒకరు అన్నాక రెండోవాళ్ళకి కూడా లీలగా కనబడటం మొదలవుతుంది.

7:35కి గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేస్ మొదలుపెట్టాం. బరువు 62 కిలోలు, కిలోకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున 55.8. అందులో పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచి సూది దాకా 75 నిమిషాలు. మామూలు కేసులో ఇది ఆలస్యం కిందే లెక్క. ఎంఆర్ఐ కూడా పడిన కేసు కాబట్టి మా మీటింగ్‌లో ఎక్కువ తిట్లు పడలేదు.

మర్నాటి సీటీలో రక్తస్రావం లేదు, ఎన్ఐహెచ్ఎస్ఎస్ 4. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి మందు మొదలుపెట్టి ఇంటికి పంపాం. మూడు నెలలకు వచ్చినప్పుడు తన పనులు తనే చేసుకుంటున్నాడు, యార్డుకు వెళ్తున్నాడు. కాటా దగ్గర మాత్రం నిలబడటం లేదు. అంకెలు నోటికి తొందరగా రావడం లేదు, ఆ పనిలో అంకె తడబడితే గొడవ.

దాచిపెట్టిన జవాబు

ఇక మెషీన్ లెర్నింగ్ సంగతి. ఎథిక్స్ కమిటీ అనుమతితో మా దగ్గర ఒక మోడల్ పక్కన నడుస్తూ ఉంటుంది. మామూలు సీటీని తీసుకుని, పక్షవాతం మొదలై ఎంతసేపయిందో లెక్కగడుతుంది. వైద్యం చేసే మాకు ఆ జవాబు అప్పుడు కనబడదు. ఫైల్లో పడి ఉంటుంది, వారం చివరి రివ్యూలో తెరుస్తాం. మొదటి నుంచీ ఇలాగే పెట్టుకున్నాం. తెల్లవారుజామున నిద్రమొహంతో ఉన్న డాక్టరు ముందు తెర మీద ఒక అంకె వెలిగితే, ఆ అంకెను పట్టించుకోకుండా ఉండటం చాలా కష్టం.

ఈ కేసులో తెరిచి చూస్తే: అంచనా 3.4 గంటలు. అటూఇటూ 1.9 నుంచి 5.3 దాకా. నాలుగున్నర లోపు అయ్యే అవకాశం 74 శాతం. సీటీ 6:35కి తీశాం కాబట్టి మోడల్ లెక్కన పక్షవాతం 3:10 ప్రాంతంలో మొదలైంది.

గదిలో కుర్ర డాక్టర్లు చప్పట్లు కొట్టినంత పని చేశారు. మోడల్ కరెక్టుగా చెప్పింది సార్ అన్నారు. ఎలా తెలుసు? 3:10కి ఎవరూ చూడలేదు. మనకు తెలిసింది 1:40 తర్వాత, 5 లోపు అని మాత్రమే. ఎంఆర్ఐతో కలిసింది కదా అంటే, ఎంఆర్ఐ కూడా ఊహే. 2011లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన ప్రీ-ఫ్లెయిర్ అధ్యయనంలో, వేళ తెలిసిన 543 మందిలో ఈ డీడబ్ల్యూఐ-ఫ్లెయిర్ తేడాను పరీక్షించారు. నాలుగున్నర గంటల లోపున్న వాళ్ళలో 62 శాతం మందినే పట్టుకుంది. దాటినవాళ్ళలో 78 శాతం మందిని సరిగ్గా పక్కన పెట్టింది. చూసే ఇద్దరు డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం కూడా ఓ మోస్తరే. రెండు ఊహలు కలిస్తే ధైర్యం వస్తుంది గానీ అది రుజువు కాదు.

మరి ఎంఆర్ఐని నమ్మి మందెందుకు ఇచ్చానంటే, ఆ ఊహను పట్టుకుని మందిచ్చి చూసిన ట్రయల్ ఉంది గనక. 2018 నాటి వేక్-అప్ ట్రయల్‌లో 503 మంది చేరారు. 800 మందిని తీసుకోవాలనుకుని, నిధులు ఆగిపోయి ముందే ఆపేశారు. మందు పడినవాళ్ళలో 53.3 శాతం మంది మూడు నెలలకు దాదాపు పూర్తిగా కోలుకున్నారు, పడనివాళ్ళలో 41.8 శాతం. మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం 2 శాతం, అవతల 0.4. చనిపోయినవాళ్ళు 4.1 శాతం, అవతల 1.2. ఈ చివరి అంకెలు కూడా ఆ అబ్బాయికి చెప్పే సంతకం తీసుకున్నాం. మన కేసు ఆ ట్రయల్ గీతల్లో సరిపోయింది: 80 ఏళ్ళ లోపు, మచ్చ చిన్నది, వైరు పంపే ఆలోచన లేదు, పక్షవాతం కనబడి నాలుగున్నర గంటలు కాలేదు.

మోడల్ చూసేదేమిటి

ఎంఆర్ఐలో ఫ్లెయిర్ పట్టుకునే ఆ కొత్త నీరే సీటీలో సాంద్రత తగ్గడంగా కనబడుతుంది. నీరు చేరేకొద్దీ ఆ భాగం నల్లబడుతుంది. పాడైన చోట సగటు సాంద్రతను, మెదడుకు రెండో వైపు సరిగ్గా అదే చోట సాంద్రతతో పోల్చి ఎంత శాతం తగ్గిందో లెక్కేస్తారు. దీన్ని నెట్ వాటర్ అప్‌టేక్ అంటారు. మన కేసులో ఎడమ పక్క 32.1 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత), కుడి పక్క 35.4. తేడా 9.3 శాతం. 2016లో మిన్నెరప్ బృందం ప్రచురించిన పేపర్లో నాలుగున్నర గంటల గీత 11.5 శాతం దగ్గర పడింది. దాని ప్రకారం చూసినా మనవాడు లోపలే.

మొత్తం కథ 3.3 యూనిట్ల మీద నడుస్తోందని గమనించండి. తెర మీద ఆ తేడా మనిషి కంటికి ఆనీ ఆనకుండా ఉంటుంది. ఒక్కో చుక్కను విడిగా చూస్తే సీటీ యంత్రం సొంత గరగరే అంతుంటుంది. వందల చుక్కల సగటు తీస్తే గానీ బయటపడదు. ఇందుకే ఇది లెక్కల యంత్రానికి తగిన పని.

ఈ సగటుతోపాటు మచ్చ అంచు ఎంత స్పష్టంగా ఉంది, లోపల ఆకృతి ఎలా ఉంది, తెల్ల భాగం, బూడిద భాగం మధ్య హద్దు ఎంత చెరిగింది వంటివన్నీ నేర్చుకునే మోడళ్ళు వచ్చాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళది 2024లో ఎన్‌పీజే డిజిటల్ మెడిసిన్‌లో వచ్చింది. మామూలు సీటీలే వాడి, బయటి డేటాలో 1945 మంది మీద పరీక్షించారు. అసలు వేళల్లో ఉన్న తేడాను వివరించడంలో నీటి లెక్క స్కోరు 0.32 అయితే వీళ్ళ మోడల్‌ది 0.58. అంతకుముందు 2020లో కొరియా వాళ్ళు స్ట్రోక్ జర్నల్‌లో ఎంఆర్ఐ మీద ఇలాంటిదే చేశారు, 355 మంది. నాలుగున్నర లోపున్నవాళ్ళను డాక్టర్లు 48.5 శాతమే పట్టుకుంటే యంత్రం 75.8 శాతం పట్టుకుంది. దాటినవాళ్ళను తప్పించడంలో మాత్రం డాక్టర్లదే పైచేయి, 91.3కి 82.6. ఈ రెండో జతను జనం చెప్పరు. ఆలస్యమైనవాడికి మందు పడితే నష్టం రక్తస్రావం. నాకు ఆ 82.6 మీదే కన్ను.

స్ట్రోక్‌లో గడిచిన కాలం వేరు, కణజాలం వయసు వేరు. యార్డులో అనుభవమున్న వ్యాపారి మిర్చికాయ విరిచి చూసి ఎంత ఆరిందో చెబుతాడు, కళ్ళంలో ఎన్నాళ్ళు పోశారో మాత్రం చెప్పలేడు. ఎండ బాగా కాస్తే త్వరగా ఆరుతుంది, మబ్బు పడితే ఆలస్యం. మెదడులో ఆ మబ్బు పాత్ర పక్కదారి రక్తనాళాలది. అవి బాగుంటే ఆరు గంటలైనా కణజాలం మూడు గంటలదిలా ఉంటుంది. లేకపోతే గంటన్నరకే అయిపోతుంది. మోడల్ చెప్పే అంకెకు "గంటలు" అని యూనిట్ తగిలించాం గానీ అది చూస్తున్నది ఆరుదలనే. ఇంపీరియల్ పేపర్లో కూడా, చచ్చిన భాగానికీ ఇంకా కాపాడగల భాగానికీ ఉన్న నిష్పత్తితో మోడల్ అంచనాకు కుదిరినంత పొంతన అసలు గడియారానికి కుదరలేదు.

మా ఫైళ్ళలోంచి దీనికి ఎదురు కేసు ఒకటి. తెనాలి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, పక్షవాతం కోడలి కళ్ళెదుటే వచ్చింది, సీటీకి 2 గంటల 40 నిమిషాలు. మోడల్ 7 గంటలు దాటిందంది. కోడలు చెప్పిన వేళలో అనుమానం లేదు. ఆ వేళకే ఆవిడ ఫోన్ నుంచి కొడుక్కి కాల్ వెళ్ళింది. మెడలో పెద్ద నాళమే మూసుకుపోయింది, పక్కదారులు దాదాపు లేవు, ఆస్పెక్ట్స్ 5. గడియారం ప్రకారం మోడల్ తప్పు. కోలుకోవడం చూస్తే, చెప్పడానికి బాధగానే ఉంది, అది చెప్పిందే నిజమైంది.

మా ప్రాంతంలో ఇది ఎక్కడ తడబడుతుంది

ఈ రోగికి మోడల్ అవసరం పడలేదు. ఎంఆర్ఐ ఉంది, టెక్నీషియన్ దొరికాడు. గుంటూరు, విజయవాడ, మంగళగిరి దాటి వెళ్తే రాత్రి మూడింటికి ఎంఆర్ఐ తీసే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సీటీ మాత్రం చిన్న పట్టణాల్లోనూ దొరుకుతోంది. మాచర్ల వైపు నుంచి గుంటూరుకు రెండున్నర గంటల పైనే. నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతాయని జెఫ్రీ సేవర్ 2006లో వేసిన లెక్కతో దాన్ని గుణించుకోండి. సీటీ చూసి వేళ చెప్పే మోడల్ పనికొస్తే అక్కడే పనికిరావాలి.

అక్కడే దానికి అందే బొమ్మ అధ్వానం. రాత్రి నాకు ఆ వైపు నుంచి వచ్చేది వాట్సాప్ ఫొటో. ఫిల్మును గోడమీది ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని సెల్‌తో తీస్తారు. నడుమ తెల్లగా మండుతుంది, అంచులు చీకటి, ఒక మూల వేలు. పెద్ద రక్తస్రావం ఉందో లేదో చెప్పడానికి ఆ ఫొటో చాలు, దాంతో ప్రాణాలు నిలిచిన సందర్భాలున్నాయి కాబట్టి ఎగతాళి చేయను. కానీ ఫిల్మ్ వేసేటప్పుడే సాంద్రత అంకెలు పోయి బూడిదరంగు ఛాయలు మిగులుతాయి. వాట్సాప్ నొక్కేసరికి ఛాయలూ పోతాయి. మూడు యూనిట్ల తేడా మీద నడిచే లెక్కకు అందులో చూడటానికేమీ మిగలదు. మోడల్‌కి సాంద్రత అంకెలు చెదరని అసలు స్కాన్ ఫైలు (డైకామ్) కావాలి, అందులోనూ పలచని స్లైసులు. చాలా సెంటర్లలో 5 మిల్లీమీటర్ల స్లైసులు మాత్రమే దాచి, పలచనివి డిస్క్ నిండుతుందని చెరిపేస్తారు.

ఫైలు అందినా చిక్కులు తీరవు. రోగి తల నిటారుగా లేకపోతే కుడి ఎడమలను అద్దంలా పోల్చడం కుదరదు. పక్షవాతం మనిషి తల ఎప్పుడు నిటారుగా ఉంది గనక! రెండో వైపు పాత మచ్చ ఉన్నా లెక్క తప్పుతుంది. బీపీని ఏళ్ళ తరబడి వదిలేసిన మెదళ్ళలో తెల్ల భాగమంతా ముందే నల్లబడి ఉంటుంది, మా ఓపీలో అలాంటివి కొల్లలు. ఒక సెంటర్ సీటీ కన్సోల్ గడియారం గోడ గడియారంకన్నా పావుగంట వెనక నడుస్తోందని ఫైళ్ళు పోల్చినప్పుడు తెలిసింది. వేళను అంచనా వేయడం నేర్పుతున్న మోడల్‌కి ఇచ్చే వేళే తప్పయితే ఏం నేర్చుకుంటుంది? కేస్ షీట్లలో పక్షవాతం వచ్చిన వేళలు చూడండి: 6, 7, 7:30, 8. జనానికి పక్షవాతం అరగంటల లెక్కన వస్తున్నట్టుంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మోడల్‌కి నేర్పాలంటే వేళ తెలిసిన కేసులు కావాలి. వేళ తెలిసేది మెలకువగా ఉన్నప్పుడు, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు. అంటే పగటి కేసులతో నేర్పి, నిద్రలో వచ్చినవాళ్ళ మీద వాడబోతున్నాం. నిద్రలో బీపీ వేరు, ఆక్సిజన్ వేరు, గురకవాళ్ళకి మరీ వేరు. కణజాలంలో నీరు చేరే వేగం ఒకేలా ఉంటుందన్నది మనం అనుకుంటున్న మాట. దాన్ని నేరుగా పరీక్షించడానికి జవాబు తెలిసిన నిద్ర కేసులు ఉండవు. మన మనిషిలాంటి వాళ్ళే దగ్గరివాళ్ళు, కరెంటు పోయి ఒక హద్దు, మంచం మీంచి పడి ఇంకో హద్దు దొరికినవాళ్ళు. అందుకే ఇలాంటి కేసులను విడిగా ఒక ఫైల్లో పెడుతున్నాం.

మందు సంగతికొస్తే, 2023లో వచ్చిన ట్విస్ట్ ట్రయల్ గుర్తుపెట్టుకోవాలి. నిద్రలో పక్షవాతం వచ్చిన 578 మందిని మామూలు సీటీ మాత్రమే చూసి తీసుకుని, వాళ్ళలో దాదాపు సగం మందికి టెనెక్టెప్లేస్ అనే గడ్డ కరిగించే మందు ఇచ్చారు. మేలు తేలలేదు. సీటీని ఇంకా నిశితంగా చదివి ఉంటే సరైనవాళ్ళు దొరికేవారా? మోడల్ తయారుచేసేవాళ్ళు ఔనంటారు. కావచ్చు. పైన చెప్పిన మోడళ్ళ పేపర్లు రెండూ పాత స్కాన్ల మీద చేసిన లెక్కలే, ఆ అంకెను నమ్మి మందిచ్చి చూసినవి కావు. అందాకా మా దగ్గర జవాబు ఫైల్లోనే ఉంటుంది. ఒక కంపెనీ ప్రతినిధి దాన్ని నేరుగా డాక్టర్ సెల్‌కి పంపించే ఏర్పాటు చేస్తామన్నాడు, వద్దన్నాం.

మారినవి ఇవి. క్యాజువాలిటీ ఫారంలో "ఎప్పుడు వచ్చింది?" అన్న గడి తీసేశాం. దాని చోట: ఎన్నింటికి పడుకున్నారు, మధ్యలో ఒంటికి లేచారా, నీళ్ళు తాగారా, ఎవరితోనైనా మాట్లాడారా, రాత్రి కరెంటు పోయిందా, ఫోన్‌లో చివరి మెసేజ్ ఎన్నింటిది, పాలవాడు వచ్చేసరికి తలుపు తీసిందెవరు. వీటిని డాక్టరుకన్నా సిస్టర్లు బాగా అడుగుతారు, ఆ పేజీ వాళ్ళకే అప్పజెప్పాం. సీటీ గడియారాన్ని వారానికోసారి సెల్‌ఫోన్ వేళతో సరిచూసి పుస్తకంలో రాస్తున్నారు.

పల్నాడు వైపు రెండు స్కాన్ సెంటర్లతో డైకామ్ ఫైళ్ళ గురించి మాట్లాడాం. ఒకరు పలచని స్లైసులు మూడు నెలలు ఉంచడానికి ఒప్పుకున్నారు, ఫైళ్ళు రావడం మొదలైంది. రెండోవారి దగ్గర రాత్రి టెక్నీషియన్ ఒక్కడే. రోగిని బల్ల మీంచి దింపాలి, ఫిల్మ్ వేయాలి, బిల్లు రాయాలి, అప్‌లోడ్ ఎవరు చేస్తారు సార్ అని అడిగాడు. స్కాన్ అవగానే ఫైలు దానంతటదే వెళ్ళేలా రూటర్ సెట్ చేసే పని మా ఐటీ కుర్రాడు చూస్తున్నాడు.